సైకిల్‌కి కొత్త చైన్ వేశాక గట్టిగా తొక్కితే జారుతోంది, ఎందుకు?

చాలావరకు తప్పు కొత్త చైన్‌ది కాదు, అరిగిపోయిన ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల సెట్టు) పళ్లది. వాడేకొద్దీ చైన్ సాగుతుంది, అంటే ఇనుము సాగుతుందని కాదు. లింకుల్లో పిన్నులు అరిగి, పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం పెరుగుతుంది. పళ్లూ దానికి తగ్గట్టే అరుగుతాయి కాబట్టి పాత చైన్‌తో ఇబ్బంది తెలియదు. కొత్తదాంట్లో ఆ దూరం 12.7 మిల్లీమీటర్లే, అరిగిన పళ్లలో కుదురుగా కూర్చోక, బలం పడగానే పైకెక్కి జారుతుంది.

డబ్బు మిగలాలంటే ముందే స్కేలు పెట్టి చూడండి. ఒక పిన్ను మధ్య నుంచి దాని తర్వాత 24వ పిన్ను మధ్యకి 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో 16వ వంతు పెరిగినప్పుడే మారిస్తే చైన్ ఖర్చుతో పోతుంది. 8వ వంతు దాకా లాగిస్తే ఫ్రీవీల్ కూడా కొనాల్సి రావచ్చు.

ఈ జారడాన్ని గేర్ సెట్టింగ్ సమస్య అనుకుని కేబుల్ బిగిస్తూ కూర్చుంటారు చాలామంది. ఉదాహరణకు 7 గేర్ల సైకిల్‌లో రోజూ వాడే 5, 6 గేర్లలోనే జారి, వాడని 1, 2లో బాగుంటే అది అరుగుదలే. అన్ని గేర్లలోనూ జారితే మాత్రం, చైన్ కలిపిన చోట లింకు బిగుసుకుపోయిందేమో చూడండి.