తీసేసిన కోడ్లు ముందు చూడు

అమ్మాయికి ఆశీస్సులు.

ఏఎంఏ (అమెరికా డాక్టర్ల సంఘం) వచ్చే ఏటి సీపీటీ కోడ్లను, అంటే డాక్టరు చేసిన ప్రతి పనికీ బిల్లులో వేసే నంబర్లను, మామూలుగా సెప్టెంబరులో బయటపెడుతుంది. అమలు జనవరి 1 నుంచి. హైదరాబాదులో కూర్చుని అమెరికా రోగుల చార్టులు చూసి కోడ్లు వేసే నీకు చేతిలో ఉండేది ఆ మూడు నెలలే. 2025లో 270 కొత్త కోడ్లు వచ్చాయి, 112 పోయాయి, 38 మారాయి. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, నీ స్పెషాలిటీకి తగిలేవి కొన్నే ఉంటాయి.

పుస్తకం వెనక అపెండిక్స్ బి తెరిచి, తీసేసిన కోడ్లతో మొదలుపెట్టు. కొత్త కోడ్ తెలియకపోతే చార్టు దగ్గర ఆగి వెతుక్కుంటావు. తీసేసిన కోడ్ మాత్రం చేతికి అలవాటైపోయి, ఆలోచించకుండానే పడిపోతుంది. పాత కోడ్లు వాడుకోవడానికి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఒకప్పుడు ఇచ్చిన 90 రోజుల వెసులుబాటు 2005 నుంచి లేదు. పాత కోడ్ వెళ్తే, ఆ తేదీకి కోడ్ చెల్లదనే 181 నంబరు కారణంతో క్లెయిమ్ (బీమాకి పంపిన బిల్లు) తిరిగొస్తుంది.

అలాగని పాత పుస్తకం అటకెక్కించకు. లెక్క డేట్ ఆఫ్ సర్వీసుది (వైద్యం జరిగిన రోజుది), నువ్వు కోడ్ చేసే రోజుది కాదు. డిసెంబరు 30న జరిగిన సర్జరీ చార్టు జనవరి 10న నీ క్యూలోకి వచ్చినా పాత కోడే.

కోడ్ ఒక్కటే పోదు, దానితోపాటు లెక్కలూ పోతాయి. 2023లో పొట్ట గోడ హెర్నియా కోడ్లు చూడు. 49560, 49585, 49652 లాంటివి పోయి 49591–49596, 49613–49618 వచ్చాయి. ఓపెనా, లాప్రోస్కోపీయా అన్న తేడా ఎగిరిపోయింది. మొదటిసారా తిరగబెట్టిందా, లోపలికి వెళ్తోందా ఇరుక్కుందా, రంధ్రం మొత్తం పొడవెంత (3 సెం.మీ. లోపా, 3–10 మధ్యా, 10 పైనా) అన్నవే కొత్త కోడ్ అడుగుతుంది. కొలత రంధ్రాన్ని తెరవకముందుది కావాలి, తెరిచాక ఫేషియా (కండరాల మీది గట్టి పొర) వెనక్కి జరిగి పెద్దదిగా కనిపిస్తుంది. ఆపరేషన్ నోట్‌లో కొలత లేకపోతే ఊహించకు, డాక్టరుకి క్వెరీ పెట్టు. మెష్ (రంధ్రం మీద వేసే వల) కోడ్ 49568 కూడా పోయింది, మెష్ ఇప్పుడు అసలు కోడ్‌లోనే కలిసిపోయింది. ఇక చాలామంది వదిలేసేది ఇది: గ్లోబల్ పీరియడ్, అంటే తర్వాతి విజిట్లు సర్జరీ ఫీజులోనే కలిసిపోయే గడువు, 90 రోజుల నుంచి సున్నాకి దిగింది. మర్నాటి నుంచి డాక్టరు చూసే విజిట్లు విడిగా బిల్ చేయాలి. పాత అలవాటున వదిలేస్తే డినయల్ (బీమా తిరస్కరణ) రాదు, కాబట్టి ఎవరూ పట్టుకోరు. డబ్బు మాత్రం పోతుంది.

నంబరు మారకుండా మాట మారేవీ ఉంటాయి. త్రిభుజం గుర్తున్న కోడ్ల డిస్క్రిప్టర్‌నీ (కోడ్ పక్కన ఉండే వివరణనీ), ఎదురెదురు త్రిభుజాల మధ్య ఉన్న గైడ్‌లైన్‌నీ పాత పుస్తకం పక్కన పెట్టుకుని చదువు. 2024లో ఆఫీసు విజిట్ కోడ్ 99213 నంబరు అదే, కానీ 20–29 నిమిషాలన్న పరిధి పోయి కనీసం 20 అయింది.

సీపీటీలో ఉన్నంత మాత్రాన మెడికేర్ తీసుకుంటుందనుకోకు. 2025లో వచ్చిన టెలిమెడిసిన్ కోడ్లు 98000 నుంచి 98015 వరకు మెడికేర్‌కి చెల్లలేదు. నవంబరులో మెడికేర్ ఫీజుల ఫైనల్ రూల్ వచ్చాక దాని ఫీజు ఫైల్లో స్టేటస్ కాలమ్ చూడు. 'ఐ' ఉంటే ఆ కోడ్ మెడికేర్‌కి పంపకూడదు. గ్లోబల్ రోజులూ అదే ఫైల్లో దొరుకుతాయి.

ఐసీడీ (జబ్బుల కోడ్లు) మార్పులు ముఖ్యంగా అక్టోబరు 1న, ఎన్‌సీసీఐ ఎడిట్లు (ఏ కోడ్లు కలిపి బిల్ చేయకూడదో చెప్పేవి) మూడు నెలలకోసారి వస్తాయి, వాటిని ఈ పనిలో కలపకు.

డిసెంబరు చివరి వారం నీ ఎక్సెల్ చీట్‌షీట్‌లో, క్లయింట్ ఛార్జ్ షీట్లలో తీసేసిన నంబర్లన్నీ ఒక్కొక్కటిగా వెతుకు. దొరికిన వాటిని చెరిపేయకుండా 'డిసెంబరు 31 వరకే' అని రాసి పక్కన కొత్తది పెట్టు. పాత తేదీల చార్టులు ఫిబ్రవరి దాకా వస్తూనే ఉంటాయి.