మూడో టీముకి మూడు వేల డాలర్లా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి పదేళ్లు, ఆగస్టులో ఐదో తరగతికి వెళ్తాడు. కిండర్‌గార్టెన్ నుంచి ఊళ్లో రిక్రియేషన్ లీగులోనే సాకర్ ఆడుతున్నాడు. సీజన్‌కి నూట యాభై డాలర్లు దాటేది కాదు, ఫ్రెండు వాళ్ల నాన్నే కోచ్. ఈసారి ఒక పెద్ద క్లబ్బు ట్రైఅవుట్స్‌కి తీసుకెళ్తే మూడో టీములో చోటిస్తామన్నారు. ఏడాది ఫీజు 2,900 డాలర్లు, యూనిఫాం, టోర్నమెంట్లు వేరే. ఒక్కరోజులో డిపాజిట్ కట్టమన్నారు. బతిమాలితే నెలాఖరు దాకా గడువిచ్చారు. పక్క వీధి అబ్బాయి వెళ్లే చిన్న క్లబ్బులో 1,600 తీసుకుంటారట. మావారు "పెద్ద క్లబ్బయితే రేపు కాలేజీ స్కాలర్‌షిప్‌కి పనికొస్తుంది, కట్టేద్దాం" అంటారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు "వారానికి మూడు సాయంత్రాలు ఆటకే పోతే చదివేదెప్పుడు?" అంటారు. ఆయనది హెచ్‌-1బి మీద కాంట్రాక్టు ఉద్యోగం. పాపకి డే కేర్ ఫీజు కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 2,900 లెక్క పూర్తి చేద్దాం అమ్మా. మా అమ్మాయి ప్లేనోలో క్లబ్బు సాకర్ ఆడినన్నాళ్లూ టీమ్ మేనేజర్‌ని నేనే, ఖాతా పుస్తకం నా దగ్గరే ఉండేది. కాబట్టి డబ్బు ఎటెటు పోతుందో చెప్పగలను.

క్లబ్బు ఫీజంటే కోచ్ జీతం, గ్రౌండు అద్దె, లీగు రిజిస్ట్రేషన్. దానిపైన కిట్టు: రెండు జెర్సీలు, ప్రాక్టీసు చొక్కాలు, వార్మప్ జత, నంబరు కుట్టిన బ్యాగు, అన్నీ కలిపి మూడు నాలుగు వందలు. ఆ కిట్టు కూడా రెండేళ్లకోసారి మారుస్తారు. ఆ పైన టీమ్ ఫీజని ఇంకొకటి ఉంటుంది. టోర్నమెంటు ఎంట్రీ, రిఫరీల డబ్బు, ఊరు దాటితే కోచ్ హోటలు గది, పెట్రోలు, భోజనం అన్నీ తల్లిదండ్రులే పంచుకుంటారు. హ్యూస్టన్‌లో టోర్నమెంటనుకోండి, రెండు రాత్రులు హోటల్లో ఉండాలి. కొన్ని టోర్నమెంట్లలో వాళ్లిచ్చిన జాబితాలోని హోటల్లోనే గది తీసుకోవాలి, అక్కడ మీ పిన్నిగారిల్లున్నా సరే. 2,900 అని మొదలైంది ఏడాది తిరిగేసరికి 4,500 దాకా తేలడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ సర్వే ప్రకారం 2024లో అమెరికాలో ఒక కుటుంబం పిల్లల ముఖ్యమైన ఆట మీద పెట్టిన సగటు ఖర్చు 1,016 డాలర్లు. అది 2019 కంటే 46 శాతం ఎక్కువ. మీ ముందున్నది దానికి నాలుగింతలు.

ఇప్పుడు ఆ డబ్బుకి వచ్చేదేమిటో చూద్దాం. మీ వాడి వయసులో మైదానంలో దిగేది తొమ్మిది మంది. గేమ్ అరవై నిమిషాలు. టీములో పదహారు మంది దాకా తీసుకోవచ్చు. తొమ్మిది అరవైలు 540 నిమిషాలు, దాన్ని పదహారు మందికి పంచితే తలా 34 నిమిషాల లోపే వస్తుంది. అది కూడా కోచ్ అందర్నీ సమానంగా ఆడిస్తేనే. గెలుపు కోసం ఎప్పుడూ ఆ ఏడెనిమిది మందినే దించే కోచ్ దగ్గర మిగిలినవాళ్లకి పది, పదిహేను నిమిషాలు దొరికితే గొప్ప. అందుకే క్లబ్బువాళ్లని అడగాల్సిన మొదటి మాట: "ఈ టీములో ఎంతమందిని తీసుకుంటున్నారు? ఒక్కొక్కళ్లని కనీసం ఎంతసేపు ఆడిస్తారు?" సగం గేమ్ తప్పకుండా ఆడిస్తామని రాతపూర్వకంగా ఇచ్చే క్లబ్బులున్నాయి. వాలంటీర్లతో నడిచే పిల్లల సాకర్ సంస్థ ఏ.వై.ఎస్.ఓ. 1964లో మొదలైంది. ప్రతి పిల్లా కనీసం సగం గేమ్ ఆడాలన్నది వాళ్ల పద్ధతి. తక్కువ డబ్బుకి దొరుకుతున్నది ఎక్కువ డబ్బు తీసుకునేచోట అడగడానికి మీరు మొహమాటపడక్కర్లేదు.

మూడో టీము అన్నారు కాబట్టి ఇంకో విషయం సూటిగా చెప్తాను. పెద్ద క్లబ్బుల్లో పేరున్న కోచ్, మంచి గ్రౌండు, అనుకూలమైన టైము మొదటి టీముకి వెళ్తాయి. రెండు, మూడు టీముల ఫీజులు ఆ ఖర్చు మోయడానికి సాయపడతాయి. ఇది దాదాపు అన్నిచోట్లా ఉన్న ఏర్పాటే. బ్రోచర్లో మీరు చూసిన కోచ్ మీ వాడి దగ్గరికి రాకపోవచ్చు. కాబట్టి కోచ్ పేరు అడగండి. ఇంకా ఎన్ని టీములు చూస్తున్నారో, దేశంలో సాకర్‌ని నడిపే సంస్థ యూ.ఎస్. సాకర్ ఇచ్చే కోచింగ్ లైసెన్సు ఏది ఉందో అడగండి. గ్రాస్‌రూట్స్ కోర్సు తర్వాత డి, సి, బి, ఎ అని పైకి వెళ్తాయి. మూడు టీములు చూసే కోచ్‌కి శనివారం రెండు గేములు ఒకే టైముకి పడితే మీ వాడి గేముకి ఎవరొస్తారన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

లైసెన్సు కంటే నేను నమ్మేది ప్రాక్టీసుని. రెండు క్లబ్బుల్లోనూ ఒక్కో సాయంత్రం వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చోండి. పిల్లలు పది మంది లైన్లో నిలబడి, ఒక్కొక్కరు గోలు మీదికి ఒక్క షాటు కొట్టి, మళ్లీ లైను చివరికి నడిచి వెళ్తున్నారా? గంటన్నరలో మీ వాడి కాలికి బంతి తగిలేది చాలా తక్కువసార్లు. అదే చిన్న చిన్న చదరాల్లో ముగ్గురు ముగ్గురు తలపడుతుంటే, ప్రతివాడూ బంతితోనో బంతి కోసమో పరిగెడుతూనే ఉంటాడు. పిల్లవాడు ఇద్దర్ని దాటబోయి బంతి పోగొట్టుకుంటే కోచ్ ఏం చేస్తున్నాడో జాగ్రత్తగా చూడండి. మా అమ్మాయికి దొరికిన ఒక కోచ్ అలాంటప్పుడు ఆట ఆపి, పిల్ల పక్కన మోకాలి మీద కూర్చుని "నీకు ఇంకా ఎటు దారి కనపడింది?" అని అడిగేవాడు. అంతకుముందు వేరే క్లబ్బులో ఉన్నాయన గీత అవతల నుంచి "పాస్! పాస్!" అని అరవడమే. మొదటాయన దగ్గర పిల్ల ఒక్క సీజన్లో నేర్చుకున్నది రెండో ఆయన దగ్గర రెండేళ్లలో నేర్చుకోలేదు. ఇంతకీ ఫీజు తక్కువ మొదటాయన దగ్గరే.

స్కాలర్‌షిప్ సంగతికొద్దాం. మీవారిది మంచి ఆలోచనే, కానీ లెక్క కుదరదు. కాలేజీల మొదటి డివిజన్లో మగపిల్లల సాకర్‌కి చాలా ఏళ్లపాటు జట్టు మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పాతిక ముప్పై మందికి పంచేవారు. 2025లో వచ్చిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయి, జట్టులో 28 మంది అన్న పరిమితి వచ్చింది. అంతమాత్రాన కాలేజీలు మగపిల్లల సాకర్‌కి డబ్బు కుమ్మరిస్తాయని కాదు. పైగా చాలా జట్లు యూరప్ నుంచి, ఆఫ్రికా నుంచి పెద్ద కుర్రాళ్లని తెచ్చుకుంటాయి. మీ సొంత రాష్ట్రమే చూడండి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకీ, టెక్సాస్ ఎ అండ్ ఎంకీ ఆడపిల్లల సాకర్ జట్లున్నాయి కానీ మగపిల్లల యూనివర్సిటీ జట్టు లేదు. కాలేజీ ఖర్చే మీ బెంగయితే రెండు క్లబ్బుల ఫీజుల తేడా 1,300 ఏటా 529 ఖాతాలో, అంటే పిల్లల చదువు కోసం దాచుకునే ఖాతాలో, వేయండి. అది మాత్రం ఖాయంగా కాలేజీకి వెళ్తుంది.

ఇక నిజంగా ఆ స్థాయి పిల్లవాడైతే? మీ ఊళ్లోనే ఎఫ్‌సి డాలస్ అనే ప్రొఫెషనల్ క్లబ్బు ఉంది. అమెరికా జాతీయ జట్టుకి ఆడిన వెస్టన్ మెకెన్నీ, రికార్డో పెపీ వాళ్ల అకాడమీ నుంచే వచ్చారు. ఎఫ్‌సి డాలస్ ఆడే ప్రొఫెషనల్ లీగు ఎం.ఎల్.ఎస్. క్లబ్బుల సొంత అకాడమీ టీముల్లో చాలాచోట్ల పిల్లల దగ్గర ఫీజే తీసుకోరు. వాళ్ల మనుషులు చిన్న క్లబ్బుల గేములు కూడా చూస్తారు.

మీ అత్తగారి మాట తోసిపుచ్చకండి. చదువు సంగతి అలా ఉంచినా, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది ఆవిడ మాటకి దగ్గరగానే ఉంది. వారానికి ఒకటి రెండు రోజులు ఆటకి సెలవివ్వాలి, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఒక్క ఆటకి దూరంగా ఉండాలి, ఒకే ఆటకి అంకితమవడం పదిహేనేళ్ల దాకా ఆపితే మంచిది. మడమ నొప్పి అని పిల్లవాడు కుంటితే ఆ వయసులో ఎముక ఎదిగేచోట వాపు కావచ్చు, ప్రాక్టీసు మానిపించి డాక్టరుకి చూపించండి. ఆరున్నర ప్రాక్టీసుకి 121 హైవే మీద ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో కూడా ఒకరోజు వెళ్లి చూడండి. హోంవర్కు జరిగేది ఆ కారులోనే.

ఇంత రాసిన మీ ఉత్తరంలో బాబు ఏమంటున్నాడన్నది ఒక్క ముక్క కూడా లేదు. వాణ్ని అడగండి. పాత స్నేహితులతో ఆడటం ఇష్టమా, ఇంకా గట్టిగా ఆడే పిల్లల మధ్య ఆడాలనుందా? ప్రాక్టీసు లేని రోజున వాడంతట వాడు పెరట్లో బంతి తన్నుతుంటే సగం జవాబు మీకు దొరికినట్టే.

నా సలహా: వాడికి ఇష్టముంటే, చిన్న క్లబ్బు ప్రాక్టీసు మీకు నచ్చితే ఒక ఏడాది అక్కడ చేర్చండి. రెండు క్లబ్బులూ నచ్చకపోతే రిక్రియేషన్ లీగులోనే ఇంకో ఏడాది ఆడనివ్వండి. పదకొండో ఏట మొదలుపెట్టినవాళ్లు వెనకబడిపోరు. ఎక్కడ చేరినా సంతకం పెట్టేముందు ఒప్పందంలో రీఫండు పేరా చదవండి. మధ్యలో మానేసినా ఏడాది మొత్తం కట్టాలని చాలా క్లబ్బులు రాసుకుంటాయి. మీవారి ప్రాజెక్టు అయిపోయి ఊరు మారాల్సివస్తే ఏమిటన్నది ఇప్పుడే ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఆర్థిక సహాయం ఉందేమో కూడా అడగండి. చాలా క్లబ్బులు ఇస్తాయి. మనవాళ్లే నామోషీ అనుకుని అడగరు.

ప్రశ్న: ఎడిసన్, న్యూజెర్సీ. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. కాలేజీలో ఆడాలని తనకే పట్టుదల. ఇప్పటి క్లబ్బులో కోచ్ చాలా మంచివారు, కానీ లోకల్ లీగే. ముప్పావుగంట దూరంలో ఈ.సి.ఎన్.ఎల్. అనే దేశస్థాయి లీగులో ఆడే క్లబ్బు రమ్మంటోంది, ఖర్చు రెట్టింపు. మార్చాలా?

జవాబు: పైన పదేళ్ల బాబుకి చెప్పింది మీకు వర్తించదండీ. ఈ వయసులో, ఈ పట్టుదలతో ఉన్న పిల్లకి లీగు పేరుకి కొంత విలువ ఉంది. కాలేజీ కోచ్‌లు ఒకేచోట ఎక్కువమందిని చూడటానికి ఈ.సి.ఎన్.ఎల్., గర్ల్స్ అకాడమీ లాంటి లీగుల టోర్నమెంట్లకి వస్తారు. మొదటి డివిజన్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే పిల్లలతో నేరుగా మాట్లాడగలరు. అంటే మీకు ఏడాదికి పైగా టైముంది.

కానీ పేరు చూసి మాత్రమే వెళ్లకండి. డెవలప్‌మెంట్ అకాడమీ అనే లీగుని యూ.ఎస్. సాకర్ 2007లో మగపిల్లలకీ, 2017లో ఆడపిల్లలకీ పెట్టింది. ఆ పేరు కోసం ఊళ్లు దాటి వెళ్లిన కుటుంబాలున్నాయి. 2020 ఏప్రిల్‌లో అది మూతపడింది. కొత్త టీములో మీ అమ్మాయి మొదటి పదకొండులో ఉంటుందా, బెంచీ మీద ఉంటుందా అని ఆ కోచ్‌ని సూటిగా అడగండి. బెంచీ మీదైతే ఇప్పుడున్న మంచి కోచ్‌ని వదలొద్దు. తన గేముల వీడియో కత్తిరించి, నచ్చిన కాలేజీల కోచ్‌లకి తనే ఈమెయిల్ రాసుకోవచ్చు. ఐవీ లీగు కాలేజీలు, మూడో డివిజన్ కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. అయినా చదువులో గట్టిపిల్ల కావాలనుకునే కోచ్‌లు అక్కడ చాలామంది ఉన్నారు.

ఇంకొకటి. మోకాలి లోపల ఏ.సి.ఎల్. అనే లిగమెంటుకి దెబ్బ ఈ వయసు ఆడపిల్లలకి మగపిల్లల కంటే ఎక్కువగా తగులుతుంది. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, క్రమం తప్పకుండా చేస్తే దెబ్బలు తగ్గుతాయి. ఏ క్లబ్బయితే అది ప్రతి ప్రాక్టీసుకీ చేయిస్తుందో ఆ క్లబ్బుకి నా ఓటు.

ప్రశ్న: కమ్మింగ్, జార్జియా. మా వాడు 2014 సెప్టెంబరులో పుట్టాడు. ఇప్పటిదాకా 2014 టీములో ఆడాడు. ఈ ఫాల్ సీజన్లో కింది టీముకి పంపుతామంటున్నారు. ఆట బాగాలేదనా? ఫీజు మాత్రం అంతే.

జవాబు: ఆట వల్ల కాదండీ. 2026-27 సీజన్ నుంచి యూ.ఎస్. యూత్ సాకర్, యూ.ఎస్. క్లబ్ సాకర్, ఏ.వై.ఎస్.ఓ. మూడూ వయసు లెక్క మార్చాయి. జనవరి నుంచి డిసెంబరు పోయి, ఆగస్టు 1 నుంచి జూలై 31 వచ్చింది. మీ వాడు ఇప్పుడు 2014 ఆగస్టుకీ 2015 జూలైకీ మధ్య పుట్టిన పిల్లలతో ఆడతాడు, అంటే ఎక్కువమంది తన తరగతివాళ్లే. టీములో చిన్నవాళ్లలో ఒకడిగా ఉన్నవాడు పెద్దవాళ్లలో ఒకడవుతాడు. పదకొండు మంది ఆడే పెద్ద మైదానానికి వెళ్లకుండా, తొమ్మిది మంది ఆటలోనే ఇంకో ఏడాది బంతితో ఎక్కువసేపు గడుపుతాడు. పాత స్నేహితులు విడిపోయారని వాడికి బాధ ఉంటుంది, దాని గురించి వాడితో మాట్లాడండి. ఫీజు అంతే ఉన్నప్పుడు కోచ్ కూడా అంతే అనుభవమున్నవారా అన్నది మాత్రం తప్పకుండా కనుక్కోండి.