నారికురుపును వదిలేసి ఆరోగ్య చరిత్ర రాయొద్దు

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రపంచ ఆరోగ్యం మీద నువ్వు రాసిన వ్యాసం కర్నూలు నుంచి అందింది. తేదీలు సరిగ్గానే ఉన్నాయమ్మా. కానీ ప్రతి తేదీకీ లోకం ఒక మెట్టు ఎక్కినట్టే రాశావు. అలా జరగలేదు. ప్రతిచోటా 'ఎవరిని కాపాడటానికి?' అని అడుగుతూ రాయి.

1851లో పారిస్‌లో 12 దేశాలు కలరా గురించి సమావేశమయ్యాయి. వాళ్ల టెన్షన్ అంతా ఓడల గురించే. రోగం తమ రేవుల్లో దిగకూడదు, వ్యాపారమూ ఆగకూడదు. ఇక్కడ కలరాతో పోతున్న మనవాళ్ల సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

1955లో మొదలైన మలేరియా నిర్మూలన, 1980 నాటికి మశూచి పోవడం నువ్వు బాగానే రాశావు. 1978ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అందాలని అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా అటా నగరంలో ప్రపంచ దేశాలు ప్రకటించాయి. ఏడాది తిరక్కుండానే 'అన్నీ కుదరవు, తక్కువ ఖర్చుతో అయ్యేవి కొన్ని ఎంచుకుందాం' అనే వాదన లేచింది. ఆ తగాదా ఇంకా తెగలేదు. నీ వ్యాసానికి ప్రాణం అదే.

అది అర్థం కావాలంటే మన సీమ నారికురుపును (గినియా పురుగు రోగం) చూడు. జనం దిగుడుబావిలోకి దిగి నీళ్లు ముంచుకునేవాళ్లు. ఆ నీళ్లతో కడుపులోకి పోయిన పురుగు ఏడాదికి మూరకు మించి పెరిగి, కాలు చీల్చుకుని వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు. మంటకు ఓర్వలేక ఆ కాలు బావిలో పెడితే పిల్లపురుగులు మళ్లీ నీళ్లలోకి. దీనికి టీకా లేదు, చంపే మందూ లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టి, బావుల్లోకి ఎవరూ దిగకుండా చేసి, బోరింగులు వేసి దాన్ని వదిలించారు. దేశంలో చివరి కేసు 1996లో. ఇది నిజంగా గొప్ప గెలుపు, తక్కువ చేసి రాయకు.

అయితే అక్కడే ఆగిపోకు. మా జిల్లాలో చాలా ఊళ్లలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పురుగు పోయినా పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దవాళ్ల మోకాళ్లు వంగిపోయాయి. ఒక్క రోగాన్ని తరిమితే చాలా, మంచినీళ్లు ఇవ్వాలా? ఆల్మా అటా తగాదా మన ఊళ్లో ఇదీ.

వ్యాసం తిరగరాయి. ముందు మీ వైపు పాత దిగుడుబావుల దగ్గర ఉండే ముసలివాళ్లతో కూర్చో. ఆ పుల్ల ఎలా చుట్టేవాళ్లో, కాలు కదపలేని ఆ రోజుల్లో సేద్యం ఎవరు చేసేవాళ్లో అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకో. జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాగితాలు తర్వాత చదవొచ్చు. ఉగాదిలోపు పంపితే చదివి జవాబు రాస్తాను.