నా ఓటు ఆర్టికల్ 22కే, ఎందుకో చెప్తా

రాజ్యాంగంలో ఉన్న హక్కుల్లో ఏది అన్నిటికంటే ముఖ్యం, పోలీసులు దాన్ని నిజంగా పాటిస్తారా అని కదా అడిగారు. ఎక్కువమంది వాక్ స్వాతంత్ర్యం అంటారు, కాస్త చదివినవాళ్ళు 21 (ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ హక్కు) అంటారు, అంబేద్కర్ గారైతే 32ని (హక్కులు దెబ్బతింటే నేరుగా సుప్రీం కోర్టుకెళ్ళే హక్కు) రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నారు, ఆయన్ని కాదనేంత సీన్ నాకు లేదు. కానీ 32 పట్టుకుని సుప్రీం కోర్టు దాకా పోవాలంటే ముందు మనిషి బయట ఉండాలి, లేదా బయట మనకోసం తిరిగేవాళ్ళుండాలి. 2019లో మా తమ్ముడు రెండు రాత్రులు స్టేషన్ బెంచీ మీద గడిపినప్పటి నుంచి నా ఓటు 22(2)కి. పట్టుకున్న 24 గంటల్లోపు, ప్రయాణం టైం తీసేసి, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి అనేది అదే.

జరిగిందేంటంటే వాడి ఫ్రెండ్స్‌కీ ఇంకో బ్యాచ్‌కీ గొడవైంది, ఒకడికి తల పగిలింది, మావాడు అక్కడ ఉన్నాడు, చెయ్యి చేసుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు. సాయంత్రం ఏడింటికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి "ఎస్సై గారు మాట్లాడాలంట, పది నిమిషాల్లో పంపిస్తాం" అని బండెక్కించుకుని పోయారు. నేను వెళ్ళి అరెస్ట్ చేశారా సార్ అంటే "అరెస్ట్ ఎక్కడయ్యా, ఊరికే కూర్చోబెట్టాం" అన్నారు. మరి ఇంటికి తీసుకెళ్ళనా సార్ అన్నా. "ఏంటి, తమాషాగా ఉందా" అన్నారు. అంటే అరెస్టూ కాదు, ఇంటికీ పంపరు, ఆ మధ్యలో ఉన్నదాన్ని ఏమంటారో రాజ్యాంగంలో వెతికినా దొరకదు.

ఒకటి మాత్రం చెప్పాలి, ఎవరూ వాడిని కొట్టలేదు (వాడు చెప్పిందాన్ని బట్టి). హెడ్ కానిస్టేబుల్ మంచాయన, టిఫిన్ తెస్తే లోపలికి పంపాడు, రాత్రి దుప్పటి కూడా ఇవ్వనిచ్చాడు. అందుకే పోలీసులంతా రాక్షసులు టైపు ఆన్సర్లు నేను రాయలేను.

మూడో రోజు పొద్దున్న ఎవరో ఒక కాగితం ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టు అన్నారు, పెట్టేశా, చదవలేదు. కోర్టు వరండాలో మా లాయర్ గారు ఆ కాపీ చూపించి "ఇదేంటి" అన్నారు. అది అరెస్ట్ మెమో. "ఈ రోజు ఉదయం 6 గంటలకు బస్టాండ్ వద్ద అనుమానాస్పదంగా తిరుగుతుండగా" పట్టుకున్నారట. సాక్షి సంతకం ఎవరిదయ్యా అంటే నాదే! ఆ ఆరింటికి నేను స్టేషన్లోనే వాడికి బ్రష్షూ పేస్టూ ఇస్తున్నా. మెమో ప్రకారం చూస్తే నాలుగున్నర గంటల్లోనే మేజిస్ట్రేట్ ముందు పెట్టేశారు, 22(2)ని ఇంత పద్ధతిగా పాటించిన స్టేషన్ ఇంకోటి ఉండదు.

ఆ మెమో ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా, 1996లో డీకే బసు కేసులో సుప్రీం కోర్టు పెట్టిన రూల్. అరెస్ట్ చేస్తే తేదీ, టైం రాయాలి, ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షిగా సంతకం పెట్టాలి అని. మమ్మల్ని కాపాడటానికి పెట్టిన కాగితాన్నే మాకు తిప్పి కొట్టారన్నమాట, అందులో నా చెయ్యి కూడా ఉంది. 24 గంటలు ఎన్ని అనేది కాదు, ఎక్కడినుంచి లెక్క మొదలు అనేదే అసలు గొడవ. 2024లో తెలంగాణ హైకోర్టు కూడా అదే అంది, పోలీసులు కాగితం మీద రాసుకున్న టైం నుంచి కాదు, మనిషిని పట్టుకున్న టైం నుంచి లెక్కపెట్టాలి అని. మాకు ఐదేళ్ళు లేటు.

ఇంకోటి, ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో అనవసరంగా అరెస్ట్ చెయ్యొద్దు, నోటీస్ ఇచ్చి పిలవండి అని 2014లోనే సుప్రీం కోర్టు అర్నేష్ కుమార్ తీర్పు ఉంది (అప్పుడు పాత సీఆర్‌పీసీలో 41ఏ నోటీస్, 2024 జులై నుంచి దాని బదులొచ్చిన చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 35(3)). మావాడిది ఆ లెక్కలోకే వస్తుందని లాయర్ గారు అన్నారు.

పాటించనివే కాదు, పాటించినవీ చూశా. అదే రాత్రి అవతలి బ్యాచ్‌లో ఒకడి తల్లి మీద కూడా కంప్లైంట్ ఉంటే ఎస్సై "ఆడవాళ్ళని ఇప్పుడు ముట్టుకోవద్దు, పొద్దున చూద్దాం" అన్నాడు. సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్ళని అరెస్ట్ చెయ్యాలంటే మహిళా అధికారి కావాలి, ముందే మేజిస్ట్రేట్ పర్మిషన్ కావాలి, తప్పితే అందరికీ కనిపిస్తుంది. నాకైతే దొరికిపోయే చోట పాటిస్తారు, దొరకని చోట టైం మారుస్తారు అనిపించింది.

22కి లోపాలు లేవని కాదు. 44వ సవరణ తర్వాత ఎమర్జెన్సీలో కూడా ఆపలేని హక్కులు 20 (నేరం, శిక్షల విషయంలో రక్షణ), 21 మాత్రమే, నా 22 ఆ లిస్టులో లేదు. పైగా ముందస్తు నిర్బంధానికి (నేరం చేస్తాడేమోనని విచారణ లేకుండా ముందే లోపలెయ్యడం), అంటే పీడీ యాక్ట్ లాంటివాటికి, దారి ఇచ్చిందీ ఇదే ఆర్టికల్. పీడీ యాక్ట్‌ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని 2023లో సుప్రీం కోర్టు తెలంగాణకి గట్టిగానే చెప్పింది.

మళ్ళీ కోర్టుకొస్తే, మేజిస్ట్రేట్ గారు అడిగారు, నిజంగా అడిగారు, "ఎప్పుడు తీసుకొచ్చారు, ఏమైనా ఇబ్బంది పెట్టారా" అని. మావాడు "ఈరోజు పొద్దున్నే సార్, ఏం లేదు సార్" అన్నాడు. వ్యాన్లో ఆ మంచి హెడ్ కానిస్టేబులే చెప్పాడట, "అట్లనే చెప్పు తమ్ముడూ, బెయిల్ తొందరగా వస్తది" అని. వచ్చింది కూడా.

లాయర్ గారు తర్వాత నన్ను తిట్టారు. వెనకటికి ఇలా ఎవర్నైనా ఎత్తుకెళ్తే ఇంటివాళ్ళు పరిగెత్తుకుని వెళ్ళి మేజిస్ట్రేట్‌కీ ఎస్పీకీ టెలిగ్రాం కొట్టేవాళ్ళట, టైంతో రసీదు చేతిలో ఉండేది. 2013లో టెలిగ్రాం మూసేశారు. ఇప్పుడైతే ఆ రాత్రే మెయిల్ కొట్టు, 112కి ఫోన్ చెయ్యి, తెల్లారగానే స్పీడ్ పోస్ట్ పెట్టు, ఎక్కడో ఒకచోట టైం పడాలి అన్నారు. మెమో మీద సంతకం పెట్టమంటే పెట్టు, కానీ పక్కనే నువ్వు చూసిన టైం నీ చేత్తో రాయి అని కూడా.

ఆ బెంచీకి ఎదురుగా గోడమీద ఒక కెమెరా ఉండేది. 2020లో సుప్రీం కోర్టు ప్రతి స్టేషన్లో సీసీటీవీ ఉండాలని ఆర్డర్ వేసినప్పుడు గుర్తొచ్చింది, ఆ రెండు రాత్రుల ఫుటేజీ మనం అడగొచ్చేమో కదా అని. అప్పటికే మా కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది.