జపాన్ మీద కోపం వచ్చాక చదవాల్సిన కథ

బరంపురం

చి॥ సౌ॥ మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఆదివారాలు మీ వీధి పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తున్నావని తెలిసి సంతోషించాను. ఫోనులో బాంబులు పడుతుంటే వాళ్ళు చప్పట్లు కొడుతున్నారనీ, యుద్ధంలో మనుషులు ఏమైపోతారో తెలిసేలా ఏం చదివించాలనీ అడిగావు. పుస్తకాల పేర్లు ఎవరైనా చెబుతారు. ఏది ముందు చదివించాలి, ఏది తరువాత అన్నదే అసలు సంగతి. యుద్ధం చెడ్డదని చెప్పే కథ ఒక్కటే వినిపిస్తే పిల్లలు బుద్ధిగా తల ఊపుతారు, బయటికి వెళ్ళి కర్ర తుపాకులు పట్టుకుంటారు. (పట్టుకోనీ, ఆ ఆట జోలికి పోకు.) ముందు వాళ్ళకు ఎవరి మీదనైనా కోపం రావాలి. ఆ తరువాత అవతలి వైపు పిల్ల కథ చేతికివ్వాలి.

అందుకు మన ప్రాంతంలోనే కావలసినంత ఉంది. రంగంతో, అంటే బర్మాలోని రంగూన్‌తో మొదలుపెట్టు. గంజాం, శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి ఎందరో కూలి కోసం ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. గోపాలపురం రేవు నుంచీ ఓడలు పోయేవి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలో చోటు దొరకనివాళ్ళు కాలినడకన బయలుదేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, మరికొందరు చింద్విన్ నది దాటి మణిపూర్ వైపు. లక్షలమంది నడిచారు. కలరాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. తెల్లవాళ్ళకు వేరే దారి కేటాయించారన్న సంగతి కూడా దాచకు. అన్యాయాన్ని పిల్లలు మనకంటే త్వరగా పసిగడతారు.

ఇది చదివాక ప్రతి పిల్లనూ ఇంట్లో ముసలివాళ్ళ దగ్గరికి పంపు. మన వాళ్ళలో రంగం వెళ్ళినవాళ్ళు ఎవరు, తిరిగి వచ్చింది ఎవరు, రానిది ఎవరు అని అడిగి రాసుకు రమ్మను. ఒడియా బడిలో చదివే పిల్లలకు తెలుగు అక్షరాలు తడబడతాయి కదా, తెలుగు మాటలనే ఒడియా లిపిలో రాసినా తప్పు పట్టకు. నువ్వు నేర్పుతున్నది అక్షరాలు కాదు. కొన్ని ఇళ్ళలో ఏమీ దొరకదు. అలాంటి పిల్లకు పక్కింటి తాతగారిని చూపించు.

ఆ తరువాతి వారం విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం విశాఖ వదిలి పల్లెలకు పోయారు. మీ పిల్లల్లో చాలామందికి అక్కడ చుట్టాలుంటారు, బీచికి వెళ్ళి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఈపాటికి వాళ్ళకు జపాన్ మీద బాగా కోపం వస్తుంది. రానివ్వు, సర్దిచెప్పకు.

అప్పుడు జపాన్ పిల్ల సడాకో ససాకి గురించి చదివించు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడేనాటికి ఆ పిల్లకు రెండేళ్ళు. విశాఖ మీద విమానాలు వచ్చినప్పుడు ఇంకా పుట్టనే లేదు. బాంబు పడిన రోజు బతికి బయటపడింది, బడికి వెళ్ళింది, పరుగు పందేలలో ముందుండేది. తరువాత రక్తపు క్యాన్సర్ వచ్చింది. 1955 అక్టోబరులో, పన్నెండేళ్ళ వయసులో పోయింది. ఆసుపత్రిలో ఆమె మడిచిన కాగితపు కొంగల మాట రాగానే పిల్లలు కాగితాలు అడుగుతారు. ఇక్కడ జాగ్రత్త. కొంగలు మడవడంలో పడితే ఆ పూట బొమ్మల తరగతి అయిపోతుంది. ముందు తేదీలు పలక మీద రాయించి, బాంబుకూ చావుకూ మధ్య ఎన్నేళ్ళో వాళ్ళ చేతే లెక్క కట్టించు. యుద్ధం ఆగిపోయిన పదేళ్ళకు ఒక పిల్ల ఎందుకు పోయిందని వాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేదాకా నోరు విప్పకు.

కాస్త పెద్దపిల్లలకు ఆన్ ఫ్రాంక్ డైరీ, హిట్లర్ మనుషులకు చిక్కకుండా ఇంటివాళ్ళతో దాక్కున్న యూదు పిల్ల రాసుకున్నది. మొత్తం చదవక్కర్లేదు. యూదులు సైకిళ్ళు అప్పగించాలి, రాత్రి ఎనిమిది దాటితే బయట కనిపించకూడదు అన్న ఆంక్షలు ఆమె రాసిన పేజీ చాలు. సైకిల్ పోవడం అంటే ఏమిటో పన్నెండేళ్ళవాళ్ళకు వేరే చెప్పాలా? దాక్కున్న ఎనిమిది మందిలో చివరికి తండ్రి ఒక్కడే బతికాడని ఆఖరున చెప్పు.

అశోకుణ్ణి మాత్రం బడి పాఠంలా చెప్పవద్దు. రాజు బాధపడ్డాడు, మారిపోయాడు, అయిపోయింది! కళింగలో లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారనీ ఆయన శాసనమే చెబుతుంది. క్షేమంగా ఉన్నవాళ్ళు కూడా తమ స్నేహితులకూ బంధువులకూ వచ్చిన ఆపద వల్ల దెబ్బతిన్నట్టేనని కూడా అందులో ఉంది. నన్నడిగితే అంకెల కంటే ఆ మాటే పదిసార్లు చదివించాలి. ఆ పదమూడో శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. యుద్ధం జరిగిన మన నేల మీద, ఋషికుల్య నది పక్కన జౌగడలో గానీ, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలో గానీ లేదు. దాని స్థానంలో మనుషులందరూ నా బిడ్డలే అనే వేరే శాసనం చెక్కించాడు. ఎందుకు లేదో పిల్లలనే ఆలోచించమను. దెబ్బ తిన్నవాళ్ళకు ఆ లెక్క వినిపించడానికి మొహం చెల్లలేదని ఒకడు, భయపడ్డాడని ఇంకొకడు అంటారు. ఎవరికీ మార్కులు వేయకు. ఓడినవాళ్ళు రాసిన శాసనం ఎక్కడుందని కూడా అడుగు.

ఇక చిన్నచిన్న సంగతులు. ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకు రంగం నడక దాకా చాలు, అందులోనూ శవాల వర్ణన వద్దు. ఫోటోలు ఎవరికీ చూపించకు, వాళ్ళు చూసింది చాలు. చీకటి పడేవేళ ఈ కథలు పెట్టుకోకు. ఎవరైనా ఏడిస్తే మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చోబెట్టుకో, మెచ్చుకోవద్దు. మెచ్చుకుంటే మరుసటి వారం నలుగురు ఏడుస్తారు. సైన్యంలో ఉన్నవాళ్ళ పిల్లలుంటే ముందే ఆ తల్లితో మాట్లాడు. నాన్న సెలవుకు ఇంటికి వచ్చి ఏం చేస్తాడో ఆ పిల్లను చెప్పనివ్వాలి, తక్కినవాళ్ళు వాళ్ళ నాన్నను తప్పుపట్టకుండా చూసుకోవాలి. కథ నీతి ఏమిటని మాత్రం అడగకు, పరీక్షలో రాసే జవాబే వస్తుంది.

జౌగడ చూపించాలనుకుంటే చలికాలంలో తీసుకురా. పురుషోత్తంపూర్ నుంచి దగ్గరే. రాతి మీద ఉన్నది బ్రాహ్మీ లిపి, అక్కడ నిలబడి చదవలేరు. అనువాదం ముందే రాసి తెచ్చుకో. బయలుదేరే ముందు ఫోను చెయ్యి, పిల్లలకు పులిహోర కలిపి ఉంచుతాను.

మీ అత్తయ్య