సొంత జట్టు పెడతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

అమెరికాలోని కొలంబస్ నుంచి మామయ్య ఆశీస్సులు. కారు నడుపుతూనే సొంత రేసింగ్ జట్టు పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయపడుతున్నానో మురిసిపోతున్నానో మీ అత్తయ్యకూ అంతు చిక్కలేదు.

బీమా కట్టు. టైర్లు కొనేముందు పనివాళ్ల జీతాలు పక్కన పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నా దిగులు వేరు. మా పక్కనే హిల్లియర్డ్‌లో చాలాకాలం జట్టు నడిపిన రేసు డ్రైవర్ బాబీ రేహాల్ సంగతి విను. 1986లో ఇక్కడి పెద్ద కార్ల రేసు ఇండియానాపొలిస్ 500 గెలిచాడు. 1992లో కార్ల్ హోగన్‌తో కలిసి సొంత జట్టు పెట్టి, తానే నడిపి, ఇక్కడి కార్ట్ అనే రేసుల సిరీస్‌లో ఛాంపియన్ అయ్యాడు. మరుసటి మే నెలలో అదే ఛాంపియన్‌కు ఇండియానాపొలిస్‌లో రేసుకు ఎంపికయ్యే 33 కార్లలో చోటు దక్కలేదు. తమ జట్టు పేరు పెట్టుకున్న ఛాసీకి, అంటే కారు చట్రానికి, వేగం చాలలేదు. 1994లో హోండా ఇంజిన్‌తో మళ్లీ అదే గండం. ఈసారి పట్టుదలకు పోలేదు. ప్రత్యర్థి జట్టు యజమాని రోజర్ పెన్స్కే దగ్గర పాత కార్లు అద్దెకు తెచ్చుకుని మూడో స్థానంలో వచ్చాడు. మరుసటి ఏడాది పెన్స్కేకు అదే అవస్థ వస్తే, రేహాల్ జట్టు తమ లోలా కంపెనీ కారు ఇచ్చింది. అయినా పెన్స్కేకు చోటు దొరకలేదనుకో, అది వేరే మాట.

అలా అడగడం నాకు చేతకాలేదు. గ్యారేజీ పెట్టిన రెండో ఏడు, సరుకులు చేరవేసే ఒకతను వ్యాను తెచ్చాడు. గేర్‌బాక్స్ పోయింది. రెండు షాపుల అవతల ఆ పనిలో చేయి తిరిగిన ముసలాయన ఉన్నాడు. ఆయన్ని అడిగితే నా పరువు పోతుందనుకున్నాను. మూడు వారాలు విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. ఆ వ్యాను మీదే అతని బతుకు. ‘రేపు’ అన్నాను, ‘ఎల్లుండి’ అన్నాను. అతని పని పోయాక వచ్చి, ఒక్క మాట కూడా తిట్టకుండా తాళాలు తీసుకుని, బండిని ముసలాయన దగ్గరికి లాగించుకుపోయాడు. రెండో రోజుకల్లా అది నా గ్యారేజీ ముందు నుంచే వెళ్లింది. నేను బానెట్ కింద తల దాచుకున్నాను.

నువ్వూ తక్కువవాడివా! సైకిలు చైను ఊడితే ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడివి కాదు. చేతుల నిండా గ్రీజు, కళ్ల నిండా నీళ్లు. ఆ మొహమే గుర్తొస్తోంది, నాన్నా.

ఈ పార్సిల్‌లో ఒక టార్క్ రెంచి పంపుతున్నాను. ఏడాది తర్వాత సిగ్గు విడిచి ఆ ముసలాయన దగ్గర అరువు తెచ్చుకున్నది. తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నాడు. మొదటి టెస్టు ఎప్పుడో రాయి.

మామయ్య