జపాన్ అతిథుల పలకరింపు, వీడ్కోలు: మీ ప్రశ్నకు సమాధానం

అచ్యుతాపురంలోని మీ కర్మాగారానికి రానున్న జపాన్ అతిథులకు చేయి చాపాలా, వంగాలా, శాలువా కప్పాలా అని అడిగారు. నమస్కారంతోనే మొదలుపెట్టండి, వ్యాపార పనిమీద విదేశాలకు వచ్చేవారిలో చాలామంది కరచాలనానికి సిద్ధపడే వస్తారు కనుక, వారు చేయి చాపితే అందుకోండి, తల వంచితే మీరూ కొంచెం వంగండి. రెండూ ఒకేసారి చేయబోతే తలలు ఢీకొంటాయి సుమా!

అసలు జాగ్రత్త విజిటింగ్ కార్డు దగ్గర కావాలి. మీ కార్డును అక్షరాలు వారివైపు ఉండేలా తిప్పి రెండు చేతులతో ఇవ్వాలి. వారిది కూడా అలాగే పుచ్చుకొని, ఒక్క క్షణం చదివి, సమావేశం ముగిసేవరకు బల్లమీద ఎదుటనే ఉంచుకోవాలి. దానిమీద ఏదైనా రాసుకోవడమూ, ప్యాంటు వెనక జేబులో కుక్కుకోవడమూ మర్యాద కాదు.

శాలువా కప్పవచ్చు గాని, ముందుగా చెప్పి కప్పండి.

వీడ్కోలులో మాత్రం మనవాళ్లు తరచూ తొందరపడతారు. బీచ్ రోడ్డులోని హోటల్ దగ్గర కారు ఎక్కించగానే లోపలికి తిరిగిపోకండి. జపాన్‌లో ఆతిథ్యమిచ్చినవారు కారు కనుమరుగయ్యేవరకు నిలబడటం ఆనవాయితీ, లోపలున్న అతిథులు కూడా వెనుదిరిగి మరోసారి తల వంచుతుంటారు. ఆ సమయానికి మీ బృందంలోని పెద్దవారు గుమ్మం దగ్గరే ఉండేలా చూసుకోండి.